మీ ప్రోగ్రామ్‌కి తెలిసిన సంగతి మాకూ చెప్పించండి
(ఎర్రర్ మెసేజ్‌లు రాసే సాఫ్ట్‌వేర్ వాళ్లకు విజయనగరం నుంచి ఒక బహిరంగ లేఖ)

సాఫ్ట్‌వేర్ రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో ఒక సందులో నాది చిన్న నెట్ సెంటర్. రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, ఒక కలర్ ప్రింటర్, లామినేషన్ మెషీన్. పెళ్లి కార్డులు, ఐడీ కార్డులు, ఆల్బమ్ డిజైన్లు చేస్తాను. నోటిఫికేషన్ పడిందంటే దరఖాస్తులు పెడతాను. మీలో చాలామంది మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. చీపురుపల్లి, బొబ్బిలి, రాజాం, పాలకొండ, ఆమదాలవలస నుంచి వచ్చి, ఇలాంటి ఏదో ఒక షాపులో స్టూలు మీద కూర్చుని ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి ఆప్షన్లు పెట్టుకుని వెళ్లినవాళ్లే. ఇప్పుడు మీరు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో కూర్చుని రాసిన ప్రోగ్రాములే ఇక్కడ నా కౌంటర్ మీద నడుస్తున్నాయి. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

ఒక సంగతితో మొదలుపెడతాను. ఉద్యోగ దరఖాస్తుకి ఆఖరి రోజు. రాత్రి పదిన్నర. గజపతినగరం వైపు నుంచి వచ్చిన కుర్రాడు అప్పటికే ఫీజు కట్టేశాడు, ఫోటో ఒక్కటే మిగిలింది. అప్‌లోడ్ నొక్కితే ఎర్రటి అక్షరాల్లో ‘చెల్లని ఫైల్’ అని వచ్చింది. అంతే, ఇంకో ముక్క లేదు. చెల్లకపోవడానికి అదేమైనా చిరిగిన నోటా?

ఫోటో జేపీజీయే కావాలన్నారు, పేరు చివర జేపీజీ అనే ఉంది. సైజు 200 కేబీ దాటకూడదన్నారు, 180 ఉంది. పేరులో చుక్కలున్నాయేమోనని మార్చాం. బ్రౌజర్ మార్చాం. ఫైల్‌ని డెస్క్‌టాప్ మీదకి తెచ్చాం. రెండో కంప్యూటర్‌లో పెట్టాం. ఆ అబ్బాయి చెమట తుడుచుకుంటూ “అన్నా, సర్వర్ డౌనా?” అని పదిసార్లు అడిగి ఉంటాడు. ఏమీ తోచక ఆ ఫోటోని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. మామూలుగా జేపీజీని అలా తెరిస్తే, పిచ్చి గీతల మధ్య మొదటి లైన్లోనే జేఎఫ్ఐఎఫ్ అనో ఎగ్జిఫ్ అనో ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. ఇందులో హెచ్ఈఐసీ అని ఉంది, ఐఫోన్ ఫోటోల్ని దాచుకునే రకం అది. సంగతి బోధపడింది. స్నేహితుడి ఐఫోన్‌తో తీసిన ఫోటో అది. ఎవరో పేరు చివర జేపీజీ అని మార్చి ఇచ్చారు. పేరు మారిస్తే ఫైల్ రకం మారిపోతుందనుకున్నారు, పాపం. కన్వర్టర్‌లో వేసి నిజం జేపీజీ చేస్తే ఒక్క నొక్కుకి ఎక్కేసింది. అప్పటికి టైము పదకొండూ ఇరవై.

ఆ కుర్రాడు థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకంటే మీ ప్రోగ్రామ్ ఆ ఫైల్ లోపలికి తొంగి చూసింది. పేరు మాత్రమే చూసి ఉంటే దాన్ని తీసేసుకునేది. జేపీజీ అన్నదానికి మొదటి రెండు బైట్లు (ఫైల్‌ని కొలిచే చిన్న ముక్కలు) ఎఫ్ఎఫ్, డీ8 అనే గుర్తులై ఉండాలి. ఇందులో అవి లేవు. పేరొకటి, లోపల సరుకొకటి అని దానికి అర్థమైంది. అర్థమై కూడా ఆ ముక్క తన దగ్గరే దాచుకుని, మాకు ‘చెల్లదు’ అని మాత్రం చెప్పింది. ‘పేరు జేపీజీ అని ఉంది కానీ లోపల ఉన్నది జేపీజీ కాదు, జేపీజీగా మార్చి మళ్లీ పెట్టండి’ అని చెప్పి ఉంటే మాకు యాభై నిమిషాలు మిగిలేవి.

నేను ఈ ఉత్తరం రాసేది ఇందుకే. ప్రోగ్రాములు తప్పులు పట్టుకోవడం మీద నాకు పేచీ లేదు, పట్టుకోవాల్సిందే. పట్టుకున్న క్షణంలో వాటికి తెలిసిన వివరం మా దాకా రాకుండా మధ్యలో ఎక్కడో పారబోస్తున్నారు. నా బాధంతా దాని గురించే.

మా ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎంక్వైరీ దగ్గరికెళ్లి “పార్వతీపురం బస్సుందా అండీ?” అని అడిగారనుకోండి. లోపలాయన “లేదు” అని తల తిప్పుకుంటే మీరేం అనుకోవాలి? వెళ్లిపోయిందనా, ఇంకా రాలేదనా, ఇవాళ రద్దయిందనా, ఈ ప్లాట్‌ఫాం కాదనా? ఎంత విసుగులో ఉన్నా ఆయన “ఇప్పుడే ఎల్లిపోనాది బాబూ, ఇంకో అరగంటకి ఉంది, ఆ చివర నిలబడు” అంటాడు. ‘ఫైల్ దొరకలేదు’ అన్న మీ మెసేజ్ మాత్రం ఆ మొదటి ‘లేదు’ దగ్గరే ఆగిపోతుంది. ఏ పేరుతో వెతికింది? ఏ ఫోల్డర్‌లో వెతికింది? ఫోల్డర్ ఉండి ఫైల్ లేదా, అసలు ఆ ఫోల్డరే లేదా?

మా మేనల్లుడు బెంగళూరులో మీలాగే కోడ్ రాస్తాడు. వాడిని ఫోన్లో నిలదీస్తే అసలు కిటుకు చెప్పాడు. “మావయ్యా, ఆపరేటింగ్ సిస్టమ్ మాకు ఇచ్చేదే ఒక నంబరు. లినక్స్ అని విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్ ఉంది, అందులో 2 అంటే అలాంటి ఫైల్ లేదని, 13 అంటే పర్మిషన్ లేదని, 28 అంటే డిస్కులో చోటు లేదని. ఆ నంబరులో ఫైల్ పేరు ఉండదు. పేరు మేమే కలపాలి.” సరే, మంచిదే. మరి తెరవమని అడిగింది మీ ప్రోగ్రామే కదా, పేరు మీ చేతిలోనే ఉంది కదా, కలపడానికి ఏమొచ్చింది? కలిపినవాళ్లూ ఉన్నారు. లేని ఫైల్‌ని తెరవమంటే పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఆ పేరుతో సహా చెబుతుంది. గో అనే భాష ఇంకో అడుగు ముందుకేసి, ఏ పని చేయబోయింది, ఏ ఫైల్ మీద చేయబోయింది, ఏం అడ్డొచ్చింది, ఈ మూడూ ఒకే లైన్లో ఇస్తుంది. భాష అంత పద్ధతిగా ఇచ్చినదాన్ని కూడా పట్టుకుని, దాని మీద దుప్పటి కప్పి ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’ అని రాసేవాళ్లు మీలో ఉన్నారు. లినక్స్‌కి ముందు తరం సిస్టమ్ యూనిక్స్. దాని తొలినాళ్లలో ఈడీ అనే ఎడిటర్ ఉండేది. ఏ తప్పు చేసినా ఒక ప్రశ్నార్థకం గుర్తు వేసి ఊరుకునేదట. ఆ రోజుల్లో టెర్మినల్ అంటే కాగితం మీద టకటకమని అచ్చు కొట్టే మెషీన్, ఒక్కో అక్షరానికీ టైము పట్టేది. ఇప్పుడు మీకు ఏ అక్షరానికి కరువొచ్చింది?

ఇది మా కౌంటర్ దగ్గరి గోలే అనుకోకండి, మీకూ తగులుతోంది. మా మేనల్లుడు ఒకసారి విండోస్‌లో రాసిన స్క్రిప్టుని లినక్స్ మెషీన్‌కి పంపి నడిపాడు. ‘అలాంటి ఫైల్ లేదు’ అంది. ఫైల్ కళ్లెదుటే ఉంది, లిస్టు చేస్తే కనిపిస్తోంది, అయినా లేదంటోంది. లేనిది స్క్రిప్టు కాదు. మొదటి లైన్లో, దీన్ని ఫలానా ప్రోగ్రామ్‌తో నడపమని రాస్తారట కదా, ఆ లైను చివర విండోస్ అలవాటుగా పెట్టే కంటికి కనపడని గుర్తొకటి అంటుకుని, ఆ గుర్తుతో కలిపి అలాంటి ప్రోగ్రామ్ ఎక్కడా లేదు. అది వెతికింది దాన్ని, వాడు వెతుక్కున్నది స్క్రిప్టుని. సగం రాత్రి అలా పోయింది. ఏది లేదో పేరు చెప్పి ఉంటే ఒక నిమిషం పని.

ఇంకో సంగతి వింటే నవ్వొస్తుంది, ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. గంట్యాడ వైపు నుంచి ఒక పెద్దాయన భూమి కాగితాలు పట్టుకొచ్చారు. అన్నీ స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్ చేస్తే 12 ఎంబీ వచ్చింది. ఆ ఫారం నింపి, పీడీఎఫ్ జత చేసి సబ్మిట్ కొడితే ‘దరఖాస్తుదారు పేరు తప్పనిసరి’ అంటుంది. పేరు కొట్టాం కదా! మళ్లీ కొట్టాం. ఇంగ్లిష్‌లో కొట్టాం, తెలుగులో కొట్టాం, ఇంటిపేరు విడదీసి కొట్టాం. ఆయన కళ్లజోడు సర్దుకుని స్క్రీన్ వైపు వంగి, “నా పేరు నేదంటాదేటి బాబూ? మా నాయన పెట్టిన పేరు!” అన్నారు.

చివరికి ఏదో అనుమానమొచ్చి, స్కాన్ నాణ్యత తగ్గించి 2 ఎంబీకి తెస్తే, పేరు ముట్టుకోకుండానే ఫారం వెళ్లిపోయింది. ఎందుకలా అయి ఉంటుందో మేనల్లుడు చెప్పాడు. పీహెచ్‌పీ అనే భాషలో రాసిన సైట్లలో ఫారం మొత్తానికి ఒక పరిమితి ఉంటుంది, మనం మార్చకపోతే అది 8 ఎంబీ. అది దాటితే ఫైల్ ఒక్కటే కాదు, ఫారంలో నింపినవన్నీ ఖాళీ అయిపోయి ప్రోగ్రామ్ చేతికి అందుతాయి. అప్పుడు ప్రోగ్రామ్ మొదటి గడి చూస్తుంది, పేరు లేదు. కనుక పేరు కొట్టమంటుంది. జబ్బొకటి, మందొకటి. సబ్మిట్ అయినప్పుడు ఎన్ని బైట్లు వచ్చాయో సర్వర్‌కి ముందే తెలుసు. ముందు ఆ లెక్క చూసి, ‘మీరు పంపింది 12 ఎంబీ, ఇక్కడ 8 దాకానే తీసుకుంటాం’ అంటే ఆ పెద్దాయన తన పేరు మీద తనకే అనుమానం పెట్టుకుని ఇంటికెళ్లేవారు కాదు.

సైజు మాట వచ్చింది కాబట్టి అది కూడా. ఫోటో 50 కేబీ లోపు ఉండాలంటారు. విండోస్‌లో చూస్తే 50 అనే ఉంటుంది. అప్‌లోడ్ చేస్తే సైజు ఎక్కువంటారు. విండోస్ లెక్కలో కేబీ అంటే 1,024 బైట్లు, కొన్ని సైట్ల లెక్కలో 1,000. నా ఫైల్ 50,600 బైట్లయితే విండోస్ దాన్ని 50 అని చూపిస్తుంది, సైటు 50,000 దాటిందని గెంటేస్తుంది. ఎవరి లెక్క వారిదే, ఇద్దరూ సరైనవాళ్లే. మధ్యలో నేను మాత్రం వెర్రివాడిని. మెసేజ్‌లో రెండు అంకెలు వేయండి: నా ఫైల్ ఎంత, మీ హద్దు ఎంత. అంతకంటే ఏమీ అడగను.

అన్నీ తిట్లే కాదు, మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. కెమెరా మెమరీ కార్డు పక్కన గోరంత లాక్ మీట ఉంటుంది. అది కిందికి జరిగి ఉండగా ఏదైనా కాపీ చేయబోతే, డిస్కు రైట్ ప్రొటెక్ట్ అయి ఉంది, అది తీసేయండి లేదా వేరే డిస్కు వాడండి అని విండోస్ ఎప్పటినుంచో చెబుతోంది. ఏం జరిగిందో ఒక ముక్క, ఏం చేయాలో రెండు దారులు. మా దగ్గరికొచ్చే ఫోటోగ్రాఫర్ కుర్రాళ్లు ఆ మెసేజ్ చూసి ఎవరినీ అడగకుండా మీట పైకి తోసేసుకుంటారు. అలాగే ఒకప్పుడు ఫైల్ డిలీట్ చేయబోతే ‘వేరే ఎవరో, వేరే ఏదో ప్రోగ్రామ్ వాడుతున్నారు’ అనేది. తర్వాత తర్వాత ‘ఇది వర్డ్‌లో తెరిచి ఉంది’ అని పేరు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఒక్క పేరుతో నా పని ఎంత తేలికైందో మీకు చెప్పలేను.

తెలుగులోకి మార్చిన మెసేజ్‌లున్నాయి చూశారూ, వాటిది ఇంకో కథ. ‘అనుమతి నిరాకరించబడింది.’ ఎవరు నిరాకరించారండీ? ఈ ‘బడింది’ అన్న తోక తగిలిస్తే చేసినవాడు తప్పించుకుంటాడు. మామూలుగా మనం ఇలా మాట్లాడతామా? “తాళం వేసుంది, మా అన్నయ్య దగ్గరుంది” అంటాం. ఆ ఫోల్డర్ ఈ కంప్యూటర్‌లో వేరే యూజర్‌దా, యాంటీవైరస్ ఆపిందా, ఫైల్ చదవడానికి మాత్రమే ఉందా, ఏది తెలిస్తే అది చెప్పించండి. తెలుగు చేసేటప్పుడు డిక్షనరీ తీయకండి, మీ అమ్మకి ఫోన్లో ఎలా చెబుతారో అలా రాయండి.

ఇక నన్ను మూడు రోజులు తిప్పలు పెట్టిన సంగతి. అది చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను.

దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను, అదే సిరిమాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే ఆ పూట ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. ఒక ఫోటోగ్రాఫర్ ఆ ఫోటోలతో ఆల్బమ్ చేయమన్నాడు. అతనిది పాత మ్యాక్ కంప్యూటర్. ఫోటోలకి తెలుగులో పేర్లు పెట్టి, ఆన్‌లైన్ డ్రైవ్‌లో ఎక్కించి, లింకు పంపాడు. నేను ఏ పేజీలో ఏ ఫోటో రావాలో నా విండోస్ కంప్యూటర్‌లో లిస్టు కొట్టి ఆల్బమ్ ప్రోగ్రామ్‌కి ఇచ్చాను. ‘కొన్ని ఫైళ్లు దొరకలేదు’ అంది. కొన్నంటే ఏవి? చెప్పదు. ఒక్కొక్కటిగా చూసుకుంటే ఒక వింత తేలింది. సిరిమాను అని పేరున్నవన్నీ దొరికాయి. పులివేషాలు అని ఉన్నవీ దొరికాయి. పైడితల్లి అని ఉన్నవి మాత్రం ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. లిస్టులో పైడితల్లి, ఫోల్డర్‌లో పైడితల్లి. పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసినా తేడా లేదు. మా ఆవిడ “అమ్మవారికి మొక్కు బాకీ ఉన్నారేమో” అంది. నిజంగానే ఉన్నాను, అది వేరే విషయం.

తప్పు ‘పై’లో ఉంది. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలూ రాసుకునే పద్ధతిలో, ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఐత్వం గుర్తు ఒకే ముక్కగా ఉంటుంది. లేదంటే ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వం తోక అని రెండు ముక్కలుగా ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. పాత మ్యాక్ డిస్కులు ఫైల్ పేర్లని విడగొట్టి దాచుకునేవి, విండోస్ కీబోర్డుతో కొడితే ఒకే ముక్కగా పడుతుంది. అందుకని లిస్టులోని ‘పై’ 6 బైట్లు, ఫోల్డర్‌లోని ‘పై’ 9 బైట్లు. కంప్యూటర్‌కి అవి రెండు వేరు పేర్లు. సిరిమానులో ఐత్వం లేదు కాబట్టి దానికి ఏ గొడవా రాలేదు. తెలుగు గుణింతాల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటేనని మేనల్లుడు చెప్పాడు. ఉన్న ఒక్కటీ మా ఊరి అమ్మవారి పేరులోనే పడాలా!

ఇంత సూక్ష్మం మెసేజ్‌లో ఎలా చెబుతామంటారేమో. దొరకని పేరు చెప్పి, ‘అచ్చం ఇలాగే కనిపించే పేరుతో ఒక ఫైల్ ఆ ఫోల్డర్‌లో ఉంది, అదేనా?’ అని అడిగితే చాలు. రెండు రాతల్నీ ఒక పద్ధతికి తెచ్చి పోల్చే పనిముట్లు మీ భాషలన్నిటిలో ఉన్నాయట. తెలుగువాళ్లు రాసే ప్రోగ్రాముల్లోనైనా ఒకసారి తెలుగు పేరుతో పరీక్షించండి. అన్నట్టు, శ్రీకాకుళం అన్న పేరు మనకి నాలుగు అక్షరాలు, లినక్స్‌కి 30 బైట్లు. అక్కడ ఫైల్ పేరుకి 255 బైట్లే హద్దు. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, ఊళ్ల పేర్లు కలిపి తెలుగులో ఫైల్ పేరు పెడితే ఎప్పుడు హద్దు దాటామో మాకు తెలీదు, ‘సేవ్ కాలేదు’ అని మాత్రం తెలుస్తుంది.

నేనేదో పెద్ద పతివ్రతనని కాదు. ఐడీ కార్డుల ఫోటోలన్నిటినీ ఒకే సైజుకి తేవడానికి పైతాన్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను. ఎక్కడైనా తేడా వస్తే ఆగిపోకుండా, ట్రై, ఎక్సెప్ట్ (తప్పు వస్తే పట్టుకునే ఏర్పాటు) పెట్టి ‘ఏదో తేడా వచ్చింది’ అని ప్రింట్ చేయించాను. అలా రాసినప్పుడు జాగ్రత్తపరుణ్నని మురిసిపోయాను కూడా. ఒక స్కూలువి 412 ఫోటోలు వచ్చాయి. నేను బయటికెళ్లాను, మా షాపులో పనిచేసే అమ్మాయి నడిపింది. సాయంత్రం వచ్చేసరికి ఆ పిల్ల ఒక్కో ఫోటో తెరిచి చూస్తూ కూర్చునుంది. “ఏ ఫోటో అన్నది చెప్పలేదు సార్” అంది. మధ్యలో పెన్‌డ్రైవ్ పీకేసినందువల్ల ఒక ఫైల్ 0 బైట్లతో ఉండిపోయింది. పైతాన్ దాని పేరుతో సహా మొత్తం నాకు అప్పజెప్పింది, నేనే దాని నోరు నొక్కేశాను. ఇప్పుడు అదే ప్రోగ్రామ్ ఇలా అంటుంది: ‘7వ తరగతి ఫోల్డర్‌లో 233వ నంబరు ఫోటో తెరవలేకపోయాను. ఫైల్ సైజు 0 బైట్లు, కాపీ మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు. మిగతా 411 పూర్తయ్యాయి. ఇది ఒక్కటీ మళ్లీ కాపీ చేసి నడపండి.’ మార్చడానికి నాకు పట్టింది పది నిమిషాలు. నాలాంటివాడికే పది నిమిషాలైతే మీకెంత?

అన్నీ చెబితే దొంగలకి దారి చూపినట్టే కదా అని మీరంటారు. ఆ భయం ఉత్తది కాదు. సర్వర్ లోపలి ఫోల్డర్ల పేర్లు మాకక్కర్లేదు. లాగిన్ దగ్గర పాస్‌వర్డ్ తప్పా, యూజర్ పేరు తప్పా అన్నది విడదీసి చెప్పకపోవడంలో కూడా అర్థముంది. నేను అడిగేది నేను తెచ్చిన ఫైల్ గురించి. దాని పేరు, సైజు, రకం నావే, నాకు చెబితే ఎవరి రహస్యం బయటపడుతుంది? మీ లోపలి సంగతులు మీ లాగ్‌లో, అంటే ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాలో, పూర్తిగా రాసుకుని, మాకు ఒక నంబరు ఇవ్వండి. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఆ నంబరు చదివితే అవతలివాళ్లు ‘ఒకసారి రీస్టార్ట్ చేయండి’ అనకుండా అసలు సంగతి చూసి చెప్పగలగాలి.

ఇంకొకటి. మూడు సెకన్లు మెరిసి మాయమైపోయే మెసేజ్‌లు దయచేసి మానేయండి. మా దగ్గరికొచ్చేవాళ్లు ఎర్రర్ వస్తే చదవరు, ఫోన్ తీసి స్క్రీన్ ఫోటో కొట్టి ఊళ్లో చదువుకున్న పిల్లాడికి వాట్సాప్ చేస్తారు. ఫోన్ లాక్ తీసేలోపే మీ మెసేజ్ వెళ్లిపోతుంది. దాన్ని కాపీ చేసుకునేలా కూడా పెట్టండి. విండోస్ మామూలు మెసేజ్ బాక్స్ వచ్చినప్పుడు కంట్రోల్, సీ నొక్కితే అందులోని మాటలన్నీ కాపీ అవుతాయి. ఈ సంగతి తెలిశాక నేను ఒక రోజంతా చిన్నపిల్లాడిలా కనిపించిన ప్రతి బాక్స్ మీదా అదే నొక్కాను.

మీ మేనేజర్‌కి ఇది పనిలా కనిపించకపోవచ్చు. కొత్త బటన్ పెడితే డెమోలో చూపించొచ్చు, మంచి ఎర్రర్ మెసేజ్‌ని ఎవరికి చూపిస్తారు? అందుకే ఒక మాట. ఈసారి సిరిమానుకి ఊరొచ్చినప్పుడు ఒక రోజు ముందొచ్చి, ఏదో ఒక నోటిఫికేషన్ ఆఖరి తేదీ చూసుకుని మా షాపుకి రండి. స్టూలు వేస్తాను, టీ తెప్పిస్తాను. ఒక గంట నా పక్కన కూర్చుని, మీరు రాసిన మెసేజ్ స్క్రీన్ మీదకి వచ్చినప్పుడు అవతల కూర్చున్న మనిషి “ఏటంటంది బాబూ అది?” అని అడిగితే, నా బదులు మీరు జవాబు చెప్పండి.

ఇట్లు,
గంటస్తంభం దగ్గర నెట్ సెంటర్ నడుపుకునే మీ అన్నయ్య,
విజయనగరం